కొండను కోసిన నది, నీళ్ళు వదిలేసిన కనుమ

వాషింగ్టన్ పరిసరాల్లో ఉన్న మనవాళ్ళు ఊరినుంచి చుట్టాలొస్తే తీసుకెళ్ళే చోట్లలో హార్పర్స్ ఫెర్రీ ఒకటి. పొటోమాక్, షెనండోవా నదులు అక్కడ కలిసి, ఆ వెంటనే బ్లూ రిడ్జ్ కొండను కోసుకుని తూర్పుకు పోతాయి. పాపికొండల మధ్య గోదావరిని చూసినవారికి కలిగే సందేహమే ఇక్కడా కలుగుతుంది. పల్లానికి పోవలసిన నీరు ఎదురుగా ఉన్న కొండలోంచి దారి ఎలా చేసుకుంది?

థామస్ జెఫర్‌సన్‌కూ ఈ సందేహం వచ్చింది. 1785లో పారిస్‌లో అచ్చైన ‘నోట్స్ ఆన్ ది స్టేట్ ఆఫ్ వర్జీనియా’లో ఆయన జవాబు కూడా చెప్పాడు. కొండ అడ్డుపడగా నీరు లోయంతా సముద్రంలా నిండి, చివరికి ఈ చోట గట్టు తెంచుకుందని ఆయన ఊహ. (ఈ దృశ్యం కోసం అట్లాంటిక్ దాటి రావచ్చునని కూడా అన్నాడు. మనం ఎలాగూ దాటే వచ్చాం.) చెరువుగట్టు తెగడం ఎరిగినవాళ్ళం గనక మనకూ అది సబబుగానే తోస్తుంది. కాని ఆయన ముందున్నది ఒక్క కనుమ.

1879లో ఏర్పడిన యు.ఎస్. జియలాజికల్ సర్వే వారి కాంటూరు మ్యాపులు వచ్చాక కొండ మొత్తం ఒక్కసారే కంటిముందుకు వచ్చింది. కాంటూరంటే మనం బళ్ళో చదివిన సమోన్నత రేఖే. గీతలు దగ్గరదగ్గరగా ఉంటే ఏటవాలు ఎక్కువని అర్థం. వాగును దాటేచోట గీత కోసుగా వంగి, మొన ఎగువవైపు చూపిస్తుంది.

హార్పర్స్ ఫెర్రీ నుంచి కొండ వెంట నైరుతిగా వేలు జరపండి. కీస్ గ్యాప్, స్నికర్స్ గ్యాప్, ఆష్‌బీ గ్యాప్, మనాసస్ గ్యాప్ అని కొండ వీపు మీద వరసగా నొక్కులు కనిపిస్తాయి. ఇవన్నీ ఎండు కనుమలు, ఒక్కదానిలోనూ నది లేదు. స్నికర్స్ గ్యాప్ సుమారు 1,000 అడుగుల ఎత్తున ఉంది. హార్పర్స్ ఫెర్రీ దగ్గర నీరు 300 అడుగుల లోపే. ఆ నొక్కుకు తూర్పున బీవర్‌డామ్ క్రీక్ అనే చిన్న వాగు పుడుతుంది. పడమట షెనండోవా కొండ పక్కనే సాగుతుంది.

బెయిలీ విల్లిస్ 1895లో ఈ రెంటినీ ముడిపెట్టి చూపించాడు. ఒకప్పుడు బీవర్‌డామ్ కొండకు పడమటినుంచే వచ్చి ఈ కనుమలోంచి పారేది. పెద్దదైన పొటోమాక్ తన కనుమను త్వరగా లోతు చేసుకుంది. దాని ఉపనది షెనండోవాకు లోయలోని మెత్తని సున్నపురాయి దొరికింది. గట్టిరాతిని కోయలేక వెనకబడ్డ చిన్న వాగును షెనండోవా తల పెంచుకుంటూ వచ్చి పడమటి వైపే పట్టేసింది. నదీ చౌర్యమంటే ఇదే. నీళ్ళు పోయిన కనుమ పైనే ఉండిపోయింది. ఒక్క కనుమను చూస్తే ప్రమాదం అనిపిస్తుంది. నాలుగు వరసగా కనిపిస్తే గట్టు తెగిందనే మాట నిలవదు.

నీళ్ళు వదిలిన దారుల్ని మనుషులు పట్టుకున్నారు. 1861 జూలైలో జాక్సన్ సైనికులు ఆష్‌బీ గ్యాప్ దాటి, మనాసస్ గ్యాప్ రైలెక్కి యుద్ధానికి చేరారు.

మరి పొటోమాక్ మాటేమిటి? కొండ లేచేటప్పటికే నది ఉండి, లేస్తున్న కొద్దీ కోసుకుపోయిందన్న వాదం ఒకటుంది. పావెల్ 1875లో యూయింటా కొండల్లోని గ్రీన్ నదికి అలాగే చెప్పాడు. ఇక్కడ అది కుదరదు. అపలేచియన్ మడతలు పడి సుమారు 30 కోట్ల ఏళ్ళయింది. అప్పటికి తూర్పున అట్లాంటిక్కే లేదు. పై పొరల మీద పారిన నది కిందికి దిగుతూ పాత కొండను తాకిందా, పగుళ్ళ వెంట వెనక్కి తొలుచుకు వచ్చిందా అన్నది పండితులు చాలాకాలం వాదించుకున్న విషయం.

నాకు మ్యాపు ఎక్స్‌రే లాంటిదనిపిస్తుంది. నీడ ఒకటే, కారణాలు రెండు మూడు ఉండవచ్చు. రాయి బలహీనమైనచోట నది ఎన్నడూ పారకపోయినా నొక్కు పడుతుంది. అంచేత నొక్కు కనిపించగానే ఎండు కనుమ అని రాసేయకూడదు. దానికి సూటిగా అవతల వాగు ఉందా అని ముందు మ్యాపులో చూడాలి. పడమటి లోయ రాళ్ళు నీటికి అరిగి గులకలై ఆ నొక్కులో ఉన్నాయా అన్నది మాత్రం కొండెక్కి వెతకాలి.