మంటకు దూరంగా ఉంచిన నలుపు

ఇంగ్లండ్ ఈశాన్య తీరం, విట్బీ ఊరు. వానకు తడిసిన చర్చ్ స్ట్రీట్ రాళ్లు కాలి కింద జారుతున్నాయి. తలెత్తి చూడండి: 199 మెట్లకు పైన, కొండ కొమ్మున, పైకప్పు కూలిన మఠం. కోసుగా లేచి కొనలో కలుసుకునే గోతిక్ కమానుల్లోంచి మబ్బు పట్టిన ఆకాశం కనిపిస్తోంది. అదే కమాను ఈ సందులోని ఓ పనిగదిలో వేలెడంత వెండి పతకంగా తయారవుతోంది.

తలుపు తోయగానే గంధకం ఘాటు ముక్కును తాకుతుంది. బల్ల ముందు కూర్చున్నావిడ పలకరింపుగా తల ఊపి మళ్లీ పనిలో పడుతుంది. కమాను అతుకు మీద వెలిగారం పూసి, నలుసంత టంకం ముక్క పెట్టి, గ్యాస్ మంట చూపిస్తుంది. వెండి మసక ఎరుపెక్కుతుంది. చూస్తుండగానే టంకం కరిగి తళుక్కుమని అతుకు పొడవునా పాకుతుంది. ఆ క్షణంలోనే ఆవిడ మంట తప్పిస్తుంది. ఇంకాస్త ఆగితే సన్నటి కమాను కుంగిపోతుంది.

అతుకులన్నీ అయ్యాక పతకాన్ని గంధకం కలిసిన వేడి ద్రావణంలో ముంచుతుంది. తెల్లటి వెండి కళ్లెదుటే నల్లబడుతుంది. తీసి, ఉబ్బెత్తు అంచులను మాత్రం రుద్దుతుంది. అంచులు మెరుస్తాయి, లోతులు నల్లగానే ఉండిపోతాయి. గోతిక్ నగకు ప్రాణం ఆ లోతుల్లోనే ఉందని నా నమ్మకం. అంతా మెరిస్తే కమాను కనబడదు.

ఇక జెట్. ఆ నల్లరాయిని అరచేతిలో పెట్టించుకోండి. బరువే ఉండదు, చల్లగా తగలదు. ఎందుకంటే అది ఒకప్పుడు చెట్టు. సుమారు 18 కోట్ల ఏళ్ల కిందట, జురాసిక్ కాలంలో, అరకేరియా జాతి మాను ఒకటి కొట్టుకొచ్చి సముద్రపు బురదలో కూరుకుపోయి ఇలా మారింది. కర్రే కనుక మంట సోకితే కాలుతుంది. అందుకే నిప్పుతో చేసే పనంతా ముందే ముగిసింది.

1861లో భర్త ఆల్బర్ట్ పోయాక విక్టోరియా రాణి ఈ నల్లనగలే ధరించింది. దేశమంతా ఆమె దారి పట్టింది. 1832లో రెండు జెట్ దుకాణాలున్న విట్బీలో 1870ల నాటికి దాదాపు 1,500 మంది ఈ పనిలో ఉండేవారు. ఆ తర్వాత చవక నల్లగాజు వచ్చింది, సంతాపపు నగల మోజు తగ్గింది, పనిగదులు మూతబడ్డాయి. 1897లో బ్రామ్ స్టోకర్ తన నవలలో డ్రాకులాను ఈ ఒడ్డునే దించాడు. ఆ నవల వెంట వచ్చినవాళ్లకు తోడు, 1994 నుంచి గోత్ సంగీత అభిమానులు నల్లదుస్తుల్లో ఇక్కడ కలుస్తున్నారు. దుఃఖానికి పెట్టుకున్న నగను వీళ్లు ఇష్టంతో పెట్టుకుంటున్నారు. ఆ మార్పు నాకెంతో నచ్చింది.

ఆవిడ జెట్ రాయిని పతకంలోని గూట్లో కూర్చోబెట్టింది. పైన ఒక నొక్కు, కింద ఒక నొక్కు, ఎడమ, కుడి. వెండి అంచు కొద్దికొద్దిగా రాయి మీదికి వాలుతుంది. జెట్ మెత్తనిది, పనిముట్టు జారితే గీత పడుతుంది. ఊపిరి బిగబట్టింది ఆవిడ మాత్రమే కాదు, మీరు కూడా.

చివరగా కింద వేలాడే ముదురెరుపు గార్నెట్. ఆ జాతి రాయికి తెలంగాణతో పాత చుట్టరికం ఉంది. కొత్తగూడెం దగ్గరి గరీబ్‌పేట రాయితో చేసిన పూసలే ప్రాచీన రేవు అరికమేడులో దొరికాయని పరిశోధకులు తేల్చారు.

విట్బీ జెట్ కొనదలిస్తే ముందు నగను చెంపకు ఆనించండి. గాజైతే చల్లగా తగులుతుంది. పొదగని ముక్క ఉంటే మెరుగు పెట్టని పింగాణీ మీద గీసి చూపమనండి. అసలు జెట్ గోధుమరంగు గీత గీస్తుంది.