చొక్కా జేబులో మడత చీటీ

పొద్దు ఇంకా పొడవలేదు. కరీంనగర్–వరంగల్ రోడ్డు మీద వడ్ల ట్రాక్టర్లు వరుసగా పోతున్నాయి. హుజూరాబాద్ బస్టాండు దగ్గర బండి మీద చాయ మరుగుతోంది. ఆ వాసనకు ప్రాణం గుంజుతుంది, కానీ మీరు ఆగరు. పరగడుపున రక్తం ఇవ్వాలి. రాత్రి అన్నం తిన్నాక మంచినీళ్లు తప్ప ఇంకేమీ గొంతు దిగలేదు.

మీకు నలభై ఎనిమిదేళ్లు. కుడికాలి బొటనవేలి పక్కన వరి కొయ్య గుచ్చుకుని మూడు వారాలైంది, పుండు మానలేదు. రాత్రి మూడు నాలుగుసార్లు లేస్తున్నారు. చెంబెడు నీళ్లు తాగినా నాలుక పిడచకట్టుకుపోతోంది. ఎండకనుకున్నారు, పని ఎక్కువై అనుకున్నారు. నిన్న ఊళ్లో ఆశా కార్యకర్త వేలికి సూది గుచ్చి, మిషన్ వైపు చూసి, గొంతు తగ్గించింది. "పెద్దనాయినా, మూడు వందలు దాటింది. రేపే దవాఖానకు పో."

ఏరియా ఆసుపత్రిలో చెక్కబల్ల చల్లగా తగులుతుంది. మోచేతి పైన రబ్బరు పట్టీ బిగుస్తుంది, సూది దిగుతుంది. నాష్టా చేసి రెండు గంటలయ్యాక మళ్లీ ఇవ్వాలి. ఇడ్లీ తినొచ్చి అదే బల్ల మీద కూర్చుంటారు. పక్కన కూర్చున్న ముసలమ్మ మీ చేతికంటించిన దూది చూసి అడుగుతుంది. "ఏంది బిడ్డా, నీకు గూడ చక్కెరేనా?"

"లేదవ్వా, జెరమొచ్చింది." అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో మీకే ఆశ్చర్యం.

మధ్యాహ్నానికి కాగితం చేతికి వస్తుంది. పరగడుపున 212. తిన్నాక 318. కింద ఇంకో అంకె, 9.4. డాక్టర్ దాని చుట్టూ పెన్నుతో గీత గీస్తాడు. "ఇది మూడు నెలల లెక్క. రక్తంల ఎర్ర కణం దగ్గర దగ్గర నూట ఇరవై రోజులు బతుకుతది. అన్ని రోజులు దానికి ఎంత చక్కెర అంటుకున్నదో ఇది చెప్తది. 6.5 కాడికి వస్తేనే షుగర్ అంటం. పరగడుపున అయితే 126."

"నేను బక్కగనే ఉన్న గద సార్?"

"మన దిక్కు సన్నగున్నోళ్లకు గూడ వస్తది. మీ ఇంట్ల ఇంకెవరికన్న ఉండెనా?"

గొంతు పెగలదు. బాపు గుర్తొస్తాడు. ఆయనకూ ఇదే. ఎవరికీ చెప్పలేదు. గోలీలు మానేసి ఏదో ఆకు పసరు తాగాడు. మడమ మీద పుండు నల్లబడ్డాక గానీ ఇంట్లో తెలియలేదు. చివరికి మోకాలి కింద కాలు తీసేశారు. ఆ తర్వాత రెండేళ్లు గడపలోనే కూర్చుని పొలం దిక్కు చూసేవాడు.

"బాపుకుండె సార్," అంటారు మెల్లగా. తర్వాత అసలు భయం బయటపడుతుంది. "సూది దాక పోతే ఇక అయిపోయినట్టేనా?"

డాక్టర్ తల అడ్డంగా ఊపుతాడు. 1922లో కెనడాలోని టొరంటోలో, చావుకు దగ్గరైన పద్నాలుగేళ్ల పిల్లగాడికి మొదటిసారి ఇన్సులిన్ సూది వేశారనీ, అంతకుముందు తిండి తగ్గించి కడుపు మాడ్చడమే వైద్యమనీ చెబుతాడు. "ఆ సూది పిల్లగాన్ని బతికిచ్చింది. ఇప్పుడైతే మీకు గోలీలు చాలు. రేపు సూది కావాలన్నా అది శిక్ష కాదు, మందు."

నర్సమ్మ మీ పాదాలు స్టూలు మీద పెట్టిస్తుంది. కళ్లు మూసుకోమని, సన్నటి నైలాన్ పోగుతో అక్కడక్కడా తాకుతుంది. "తాకిందా అన్నా?" తాకింది. "ఇప్పుడు?" తాకింది. "ఇప్పుడు?" మీరు ఎదురుచూస్తూనే ఉంటారు. కళ్లు తెరిచేసరికి పోగు చిటికెన వేలి కింద వంగి ఉంది. మీకు తెలియనే లేదు. ఆమె పుండు కడిగి కట్టు కడుతూ చెబుతుంది. "అందుకే ఆ కొయ్య ఎంత లోతు దిగిందో నీకు తెల్వలే. ఉత్తకాళ్లతోని తిరుగొద్దు. రోజు పండుకునేముందు అరికాళ్లు చూసుకో. ఏటేటా కండ్లు చూపించుకోవాలె, మూత్ర పరీక్ష గూడ చేయించుకోవాలె."

గోలీలు రెండు రకాలు. మెట్‌ఫార్మిన్ తిన్నాక వేసుకోవాలి, మొదట్లో కడుపు తిప్పొచ్చు, భయపడి మానొద్దు. గ్లిమిపిరైడ్ వేసుకుని తిండి మానేయొద్దు. చెమటలు పట్టి, చేతులు వణికి, కళ్లు తిరిగితే చక్కెర మరీ పడిపోయినట్టు. వెంటనే మూడు చెంచాల గ్లూకోజు నీళ్లలో కలుపుకుని తాగాలి. మీరు అన్నిటికీ తలూపుతారు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దాచుకుంటారు.

అంబేద్కర్ చౌరస్తాలో తెలిసినాయన చెయ్యి పట్టుకుంటాడు. "బావా, చాయ తాగుదాం రా." చక్కెర వద్దని అనాలి. అంటే ఎందుకని అడుగుతాడు. మీరు మారుమాట లేకుండా తియ్యటి చాయ తాగేస్తారు. ఆయన ఇంకెవరి సంగతో చెబుతున్నాడు. "షుగరట. ఓ పొడి తెచ్చిచ్చిన. నెల తాగి గోలీలు బంద్ పెట్టుమన్న." మీ చెయ్యి దానంతటదే జేబు మీదికి పోతుంది. కళ్ల ముందు బాపు గడపలో కూర్చుని ఉన్నాడు.

చీకటి పడేవేళకు ఇంట్లో కంచం ముందు కూర్చుంటారు. అన్నం కుప్ప పోసి, పక్కన గోకరకాయ కూర కొంచెం వేస్తుంది మీ ఆవిడ. మీరు చెయ్యి కడుక్కోరు. జేబులోంచి కాగితం తీసి మడత విప్పి కంచం పక్కన పెడతారు.

బిడ్డ అంకెలు చదివి తల ఎత్తుతుంది. "బాపూ, గిది ఎన్ని దినాల సంది?" ఆవిడ మాత్రం కాసేపు పలకదు. తర్వాత, "గిందుకేనా ముఖం గట్ల పెట్టుకున్నవ్?" అంటూ కంచం తీసుకుంటుంది. అన్నం సగం తీసేస్తుంది. ఆ జాగాలో కూర నింపుతుంది, గరిటెడు పప్పు వేస్తుంది. తర్వాత తన కంచంలోనూ, బిడ్డ కంచంలోనూ అట్లాగే సర్దుతుంది. "నీకొక్కనికే వేరే వండుతనా? అందరం గిట్లనే తిందాం." రేపటి నుంచి జొన్నరొట్టె అని కూడా అంటుంది, కానీ బిడ్డ వెంటనే ఆపుతుంది. "జొన్నరొట్టె అయినా రెండే. అది గూడ కడుపుల చక్కెరే అయితది." దేవుని గూట్లో సమ్మక్క బంగారం, అంటే జాతర నుంచి తెచ్చిన బెల్లం, ఉంది. ఆవిడ ఆ బెల్లం ముక్కను మీ కళ్లకు అద్ది, తిరిగి గూట్లోనే పెడుతుంది. బెల్లమైనా చక్కెరేనని ఆమెకు ఎవరూ చెప్పనక్కర లేకపోయింది.

తిన్నాక ముగ్గురూ కాకతీయ కాలువ గట్టు మీదికి పోతారు. కాలికి మెత్తటి చెప్పులు. పుండు మానేదాకా నాలుగడుగులు చాలు, ఆ తర్వాత రోజుకు అరగంట, వారానికి అయిదు రోజులు. టార్చి వెలుగులో ఎదురుగా ఇద్దరు ముగ్గురు నడిచొస్తున్నారు. ఈ దేశంలో పది కోట్ల మందికి పైగా షుగర్ ఉందని భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో లెక్క తేల్చింది. వీళ్లలో ఎవరి జేబులో ఏ చీటీ మడిచి ఉందో! ఈసారి మీరే ముందు నోరు తెరుస్తారు. "నాకు షుగరొచ్చిందే, ఇయ్యాలనే తెలిసింది." అవతలి మనిషి ఆగి, మీ భుజం మీద చెయ్యి వేస్తాడు. "నాకు ఆరేండ్ల సంది ఉన్నది, రా, కలిసి నడుద్దాం."

ఇంటికొచ్చి అరికాళ్లు చూసుకుంటారు. వెనకభాగం కనబడకపోతే బిడ్డ అద్దం పట్టుకుంటుంది. కాగితం ఇప్పుడు గోడ మీద క్యాలెండర్ పక్కన మేకుకు వేలాడుతోంది. చొక్కా జేబులో గ్లూకోజు పొట్లం ఉంది.

ముప్ఫై దాటిన ప్రతి ఒక్కరికీ ఉపకేంద్రంలో, సర్కారు దవాఖానలో షుగర్ పరీక్ష ఉచితం. రేపు పొద్దున్నే పోండి. అంకె ఎంత వచ్చినా, ఆ రాత్రి అన్నం తినే ముందే ఇంట్లో చెప్పండి. దాచిన షుగరే కాళ్లు తీస్తుంది.