తల్లి తిన్న ఉప్మా.. బిడ్డ రక్తనాళాల్లో ఫలితం

మధుమేహం, గుండెజబ్బుల మూలాలు ఒక్కనాటి పరీక్షతో తేలవు. అవే కుటుంబాలను ఏళ్ల తరబడి గమనించాలి. హైదరాబాద్ సమీపంలోని 29 గ్రామాల్లో జరిగింది అదే. సమీకృత శిశు అభివృద్ధి పథకం కింద 1987-90 మధ్య 15 గ్రామాల్లో గర్భిణులకు, ఆరేళ్లలోపు పిల్లలకు మొక్కజొన్న, సోయా మిశ్రమంతో వండిన ఉప్మా పెట్టారు. తక్కిన 14 గ్రామాలకు పథకం అప్పటికి చేరలేదు. పుట్టిన బిడ్డ బరువు పెరుగుతుందా అన్నదే నాటి పరిశోధకుల ప్రశ్న.

అసలు సంగతి తర్వాత బయటపడింది. 2003-05లో పరిశోధకులు మళ్లీ ఆ గ్రామాలకే వెళ్లి, 13-18 ఏళ్ల వయసుకు వచ్చిన 1,165 మందిని పరీక్షించారు. ఉప్మా అందిన గ్రామాల వారు సగటున 14 మిల్లీమీటర్లు పొడవు పెరిగారు. ఎత్తు మాట అటుంచితే, ఇన్సులిన్ నిరోధకత సూచీ వారిలో 20 శాతం తక్కువ. రక్తనాళాల బిరుసూ తక్కువే. 2008లో ఈ ఫలితాలు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడ్డాయి. అయితే నాటి పిల్లల్లో పరీక్షకు అందినవారు దాదాపు సగం మందే కనుక ఈ అంకెలను కొంత ఆచితూచి చూడాలి.

అనంతరం తల్లిదండ్రులను, తోబుట్టువులను సైతం చేర్చి, ‘ఆంధ్రప్రదేశ్ బాలలు-తల్లిదండ్రుల అధ్యయనం’ పేరిట 2010-12లో మరోమారు పరీక్షలు జరిపారు.