చాలు తప్పిన చిత్తము

రోగి జ్వరతీవ్రతచే అసంబద్ధముగా మాటలాడినచో సంధి పుట్టినదని మనవారందురు. చరకసంహిత సన్నిపాతజ్వరలక్షణములలో ప్రలాపముతోపాటు తంద్రను, అనగా మగతను గూడ లెక్కించినది. ప్రాచీన గ్రీకువైద్యులు ఉద్రేకమునకు ఫ్రెనైటిస్ అనియు, మందత్వమునకు లెథార్గస్ అనియు పేర్లిడి, రెండు వ్యాధులుగా నెంచిరి. లాటినునుండి వచ్చిన డెలీరియము అను మాటకు మూలార్థము నాగటిచాలు తప్పుట. ఉద్రేకమును మగతయు ఈ యొక్క చిత్తవికారమునకే రెండు రూపములని నేటి వైద్యుల నిర్ణయము.

అయినను ప్రేలాపన వినబడినట్లు మగత కనబడదు. అరచువానికడకు అందరును పరుగెత్తుదురు. కదలక పడియున్నవానిని చూచి నెమ్మదించెనని సంతసింతురు. ఐ.సీ.యూ. అని జనులు వ్యవహరించు తీవ్రచికిత్సాశాలలలో ఈ భ్రమ మరింత బలపడినది.

1952లో కోపెన్‌హాగెన్ నగరమున పోలియో చెలరేగినప్పుడు వైద్యవిద్యార్థులు రేయింబవళ్లు చేతితో రబ్బరుసంచులు నొక్కుచు రోగులకు ఊపిరి పోసిరి. మరుసటి యేడు ఆ నగరముననే బ్యోర్న్ ఇబ్సెన్ అను వైద్యుడు తీవ్రచికిత్సాశాలను నెలకొల్పెను. పిమ్మట యంత్రములు వచ్చినవి. గొంతున గొట్టముండుటచే రోగికి మాట పోయెను. మత్తుమందులచే కదలికయు పోయెను. ఊపిరి నిలిచినది గాని, చిత్తమెట్లున్నదని అడుగువారు అరుదైరి.

అమెరికాలోని నాష్‌విల్‌లో వెస్లీ ఈలీయు, ఆయన సహచరులును 2001లో ఒక సులభపరీక్షను ప్రకటించిరి. అక్షరములు వరుసగా చదువుచుండ, నిర్ణీతాక్షరము వినబడినప్పుడెల్ల రోగి చేయి నొక్కవలెను, మాటతో పనిలేదు. ఈ పరీక్షతో వారు 224 మంది యంత్రశ్వాసరోగులను పరిశీలించి 2004లో ఫలితములు వెల్లడించిరి. నూటికి ఎనుబదిమందికి పైగా ఈ వికారమునకు లోనైరి. ఆరునెలలలో మరణించినవారు, వికారము కలిగినవారిలో నూటికి 34 మంది. కలుగనివారిలో 15 మంది. 2013లో వెలువడిన మరియొక పరిశోధనలో, ఏడాది పిమ్మట పరీక్షింపబడినవారిలో సుమారు నాలుగవవంతుమంది బుద్ధిశక్తి, స్వల్పమైన అల్జైమర్ వ్యాధిగ్రస్తుల స్థాయికి దిగియుండెను.

దీనికి మందున్నదా? హాలోపెరిడాల్ మున్నగు మందులు ఈ వికారకాలమును తగ్గింపలేదని 2018 నాటి పరిశోధన తేల్చినది. మూలవ్యాధిని చక్కజేయుట, మత్తు తగ్గించుట, రాత్రి నిద్రపోనిచ్చుట, కండ్లద్దములు పెట్టుట, వీలైనంత త్వరగా లేపి నడిపించుట, అయినవారి గొంతు వినిపించుట: ఇవియే నేడు వైద్యులు చెప్పు ఉపాయములు.

కనుక బంధువులను ద్వారముకడనే నిలిపివేయు ఆచారమును చికిత్సాలయములు పునరాలోచింపవలెను. మనమును రోగికి గాలి సోకినదనియో, మతి చెడినదనియో తలంచి సిగ్గుపడుట మానవలెను. కదలక పడియున్న మనవానిని చూచి ఊరడిల్లుటకు ముందు, వాని మనస్సెట్లున్నదో వైద్యుని అడుగుట మన విధి.