గోల్ఫు బంతికి గుంటలు ఎందుకు?

గోల్ఫు బంతిని చేతిలోకి తీసుకొని చూస్తే దాని ఒంటినిండా చిన్న చిన్న గుంటలు కనిపిస్తాయి. సాధారణంగా వీటి సంఖ్య 300 నుండి 500 వరకు ఉంటుంది. ఒక్కొక్క గుంట లోతు మిల్లీమీటరులో నాలుగవ వంతు మాత్రమే. గాలిలో దూసుకొనిపోవలసిన వస్తువు నున్నగా ఉంటేనే మంచిదని మనకు తోస్తుంది. మరి ఈ బంతికి పనిగట్టుకొని గుంటలు పెట్టడం ఎందుకు? గుంటలు లేని నున్నని బంతిని అదే బలంతో కొట్టితే అది దాదాపు సగం దూరం మాత్రమే పోతుంది. ఈ విచిత్రాన్ని మొదట గమనించినవారు శాస్త్రజ్ఞులు కారు, ఆటగాళ్లు. వారు చూచినదానికి సరియైన కారణం దొరకడానికి అరవై సంవత్సరాలకు పైగా పట్టింది.

ఈకల బంతి

గోల్ఫుకు పుట్టినిల్లు స్కాట్లండు. పచ్చిక మైదానంలో దూరదూరంగా తవ్విన చిన్న రంధ్రాలలోకి, కర్రతో బంతిని కొట్టుతూ, వీలైనన్ని తక్కువ దెబ్బలలో పడవేయడమే ఈ ఆట. యువకులు విలువిద్య మాని ఈ ఆటలో కాలం గడుపుతున్నారని 1457లో స్కాట్లండు పార్లమెంటు దీనిని నిషేధించింది. అయినా ఆట ఆగలేదు.

పందొమ్మిదవ శతాబ్ది మధ్యకాలం వరకు మేలైన బంతి అంటే ఈకల బంతే. తోలు ముక్కలను సంచివలె కుట్టి, అందులో ఒక టోపీ నిండా పట్టే ఈకలను ఉడికించి కూరేవారు. ఆరినకొద్దీ ఈకలు ఉబ్బుతాయి, తడి తోలు బిగుసుకుంటుంది. ఈ రెండింటి ఒత్తిడి వల్ల బంతి గట్టిపడేది. నేర్పరియైన పనివాడు కూడా రోజుకు మూడు నాలుగు బంతులకంటె ఎక్కువ చేయలేకపోయేవాడు. కాబట్టి ధర ఎక్కువ. వానలో తడిస్తే బంతి బరువెక్కి పాడయ్యేది. కుట్టు విడితే ఈకలు బయటపడేవి. ఇన్ని బంతులు కొనగలిగినవారికే అభ్యాసం, అభ్యాసం ఉన్నవారికే ఆటలో ఆనందం. సామాన్యునికి ఈ వినోదం అందరాని పండు. బ్రిటిషు దీవుల వెలుపల మొట్టమొదటి గోల్ఫు క్లబ్బు 1829లో మన దేశంలోనే, కలకత్తాలో, వెలసింది. అక్కడి తొలి ఆటగాళ్లదీ ఈకల బంతి కాలమే.

మలయా చెట్టు పాలు

1840వ దశకంలో మలయా ప్రాంతపు గట్టాపర్చా అనే చెట్టు పాలు ఐరోపాకు రాసాగాయి. వేడినీటిలో మెత్తబడి, చల్లారగానే గట్టిపడడం ఈ పదార్థపు గుణం. సెంట్ ఆండ్రూస్ పట్టణానికి చెందిన రాబర్ట్ పేటర్సన్ అనే యువకుడు దీనితో తొలి బంతిని చేశాడని చెప్పుకుంటారు. తూర్పు దేశాలనుండి వచ్చిన ఒక విష్ణు విగ్రహం చుట్టూ కట్టిన గట్టాపర్చా ముక్కలే అతనికి ముడిసరుకు అయినాయట. ఈ కథ మాట ఎట్లున్నా, 1848 ప్రాంతంలో కొత్త బంతి మైదానంలోకి వచ్చిన మాట నిజం. ఇది తడిసినా చెడిపోదు. సొట్టపడితే వేడినీటిలో వేసి మళ్లీ గుండ్రంగా చేసుకోవచ్చు. ధర కూడా ఈకల బంతి ధరలో కొద్ది భాగమే.

కొందరికి ఆనందమైనది మరికొందరి కూటికి ముప్పు అయింది. సెంట్ ఆండ్రూస్‌లో ఈకల బంతుల తయారీకి పేరుపడిన ఎలన్ రాబర్ట్‌సన్‌కు కొత్త బంతి కంటగింపయింది. అతని వద్ద పనిచేసే టామ్ మోరిస్ ఆ బంతితో ఆడినందుకు ఇద్దరికీ చెడింది. మోరిస్ విడిపోయి, 1851లో ప్రెస్ట్విక్‌కు వెళ్లాడు. అక్కడనే 1860లో ఎనిమిదిమంది ఆటగాళ్లతో మొదటి ఓపెన్ పోటీ జరిగింది. తరువాత ఆ పోటీలో మోరిస్ నాలుగుసార్లు గెలిచాడు. రాబర్ట్‌సన్ కూడా చివరకు కాలానికి తలవంచి కొత్త బంతినే చేపట్టాడు. 1858లో సెంట్ ఆండ్రూస్ మైదానాన్ని 79 దెబ్బలలో ముగించి, అంతవరకు ఎవరూ సాధించని సంఖ్యను సాధించాడు.

ముసలి బంతి మేలు

గట్టాపర్చా బంతికి ఒక లోపం ఉండేది. కొత్తగా, నున్నగా ఉన్నంతకాలం అది కొంతదూరం పోయి హఠాత్తుగా క్రిందికి వాలిపోయేది. కర్ర దెబ్బలు తిని గీతలు, గాట్లు పడిన తరువాత అదే బంతి చక్కగా, దూరంగా పోయేది. ఇది కనిపెట్టి తయారీదారులు కొత్త బంతుల మీద సుత్తితో గాట్లు పెట్టనారంభించారు. తరువాత అచ్చులలోనే గీతలు, బొడిపెలు పోశారు. 1905లో ఇంగ్లండులోని లెస్టరుకు చెందిన విలియం టేలర్ అనే పారిశ్రామికుడు బొడిపెలకు బదులు గుంటలు పెట్టే పద్ధతికి పేటెంటు కోరాడు. నేటి బంతి రూపం అప్పుడే నిలబడింది.

ఆచార్యుని పరిశోధన

ఎడింబరో విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రాచార్యుడైన పీటర్ గత్రీ టైట్‌కు గోల్ఫు అంటే ప్రాణం. ఆయన కుమారుడు ఫ్రెడ్డీ 1896, 1898 సంవత్సరాలలో బ్రిటిషు అమెచ్యూర్ పోటీలో విజేత. బాగా కొట్టిన బంతి ఆరు సెకన్లకు పైగా గాలిలో నిలుస్తున్నదని టైట్ గమనించాడు. భూమ్యాకర్షణ, గాలి నిరోధం మాత్రమే పనిచేస్తే అంతసేపు నిలవడం అసాధ్యం. ఏదో బలం బంతిని పైకి ఎత్తుతూ ఉండాలి.

ఆ బలం బంతి తిరుగుడులో ఉన్నదని ఆయన తేల్చాడు. బంతికి ఒక నాడాను తగిలించి, దానిని బంకమట్టి దిమ్మలోకి కొట్టించి, నాడాకు పడిన మెలికలు లెక్కించాడు. ఏటవాలుగా ఉన్న కర్ర ముఖం తగిలినపుడు బంతి పైభాగం వెనుకకు తిరుగుతూ పోతుంది. ఈ తిరుగుడు గాలిని క్రిందికి మళ్లిస్తుంది. న్యూటన్ మూడవ సూత్రం ప్రకారం ఆ గాలి బంతిని పైకి నెట్టుతుంది. తిరిగే వస్తువులపై గాలి చూపే ఈ ప్రభావాన్ని 1852లో బెర్లిన్ శాస్త్రజ్ఞుడు మాగ్నస్ ప్రయోగపూర్వకంగా చూపాడు. తన ఆటలో ఏళ్ల తరబడి ఏ తిరుగుడును పోగొట్టుకోవాలని శ్రమించాడో, దూరానికి రహస్యం అదేనని టైట్ స్వయంగా వ్రాసుకున్నాడు. బంతి పక్కకు వంకరపోవడానికి కారణం కూడా ఇదే: తిరుగుడు ఇరుసు పక్కకు ఒరిగితే ఆ నెట్టు కూడా పక్కకు ఒరుగుతుంది. వంకర దెబ్బను సరిదిద్దుకోవాలనుకునే ఆటగాడు చూడవలసినది తన కండబలాన్ని కాదు, బంతిని తాకేవేళ కర్ర ముఖం ఎటు తిరిగి ఉన్నదో దానిని.

దీనిని తరగతిలో సులభంగా చూపవచ్చు. పలుచని కాగితాన్ని గొట్టంగా చుట్టి అంటించి, బల్లమీద ఏటవాలుగా పెట్టిన పలకపైనుండి దొర్లించాలి. అంచు దాటిన గొట్టం ముందుకు దూకి పడక, వెనుకకు వంగి బల్ల క్రిందికి వస్తుంది. తిరుగుడు గాలిలో చేసే పని విద్యార్థులకు కంటికి కనిపిస్తుంది.

గుంట చేసే పని

తిరుగుడు సంగతి తెలిసినా గుంటల రహస్యం మిగిలిపోయింది. జర్మను శాస్త్రజ్ఞుడు ప్రాండ్టిల్ 1904లో ఒక కీలకభావం ప్రతిపాదించాడు: గాలిలో పోయే వస్తువును అంటిపెట్టుకొని ఒక పలుచని గాలిపొర ఉంటుంది. నున్నని బంతిమీద ఈ పొర ప్రశాంతంగా సాగి, బంతి నడుము దగ్గరకు రాగానే ఊడిపోతుంది. అప్పుడు బంతి వెనుక వెడల్పైన సుడుల తోక ఏర్పడుతుంది. పడవ వెనుక నీరు సుడులు తిరిగినట్లే ఇది. తోక ఎంత వెడల్పైతే వెనుకకు లాగే బలం అంత ఎక్కువ. 1914లో ప్రాండ్టిల్ నున్నని గోళానికి సన్నని తీగను చుట్టి చూచాడు. తీగ ఆ పొరను కల్లోలపరచింది. కల్లోలమైన పొర బయటి వేగమైన గాలినుండి శక్తిని పుంజుకొని, గోళం వెనుకవైపు వరకు అంటుకొని పోయింది. తోక సన్నబడి, నిరోధం తగ్గింది.

గోల్ఫు బంతి గుంటలు చేసేది ఈ తీగ పనినే. గోల్ఫు బంతి పరిమాణంలో ఉన్న నున్నని గోళానికి ఈ లాభం కలగాలంటే సెకనుకు సుమారు 100 మీటర్ల వేగం కావాలి. గొప్ప ఆటగాడు కొట్టిన బంతి కూడా సెకనుకు 75, 80 మీటర్లకు మించి పోవడం అరుదు. గుంటలుంటే అంతకంటె ఎంతో తక్కువ వేగంలోనే ఆ లాభం కలుగుతుంది. కనుకనే బలహీనుడు కొట్టిన దెబ్బకు కూడా గుంటల సాయం అందుతుంది.

సులభానికి హద్దు ఎక్కడ?

1898లో అమెరికాలో కోబర్న్ హాస్కెల్ రబ్బరు దారం చుట్టిన బంతిని తయారుచేయించాడు. అది మరింత దూరం పోయి, కొత్తవారికి కూడా ఆటను సుఖకరం చేసింది. 1902లో శాండీ హెర్డ్ ఆ బంతితోనే ఓపెన్ గెలిచాడు. 1970వ దశకంలో గుంటల అమరికను మార్చి, వంకరపోకుండా తనంతట తానే సరిదిద్దుకొనే బంతిని ఇద్దరు అమెరికనులు కల్పించారు. కాని అమెరికా గోల్ఫు సంఘం 1981లో, బంతి ఎటు తిప్పినా ఒకేవిధంగా ఎగరాలనే నియమం పెట్టింది. నియమాల ప్రకారం బంతి వ్యాసం 42.67 మిల్లీమీటర్లకు తగ్గరాదు, బరువు 45.93 గ్రాములకు మించరాదు. బంతులు మరీ దూరం పోయి మైదానాలు చాలడంలేదని 2023 డిసెంబరులో నియమ నిర్ణేతలు బంతి పరీక్షలను కఠినం చేయనున్నట్లు ప్రకటించారు.

ఈకల బంతి కాలంలో సామాన్యునికి ఆట దక్కాలంటే మంచి బంతి చవకగా దొరకవలసి వచ్చింది. మంచి బంతి దొరికిన తరువాత, నేర్పుకు చోటు మిగలాలంటే దానికి పగ్గం వేయవలసి వచ్చింది. ఎంతవరకు వేయాలన్న వాదం ఆటగాళ్ల మధ్య, తయారీదారుల మధ్య సాగుతూనే ఉన్నది.