పాచిపెంట మన్యమున వలసయు వంశస్మృతియు

ఆంధ్రుల వలసచరిత్ర యనగానే మన విశ్వవిద్యాలయములందు సముద్రయానమే ముందుగా ప్రస్తావనకు వచ్చును. బర్మా, మారిషసు, నేటాలు, ఫిజీలకు పోయిన కూలీల వృత్తాంతమును, 1965 తరువాత అమెరికాకు పోయిన విద్యావంతుల వృత్తాంతమును మనము వేర్వేరు అధ్యాయములుగా చదువుచున్నాము. ఆ ఓడల నెక్కినవారు ఏ యింటినుండి బయలుదేరిరో, వారు పోయిన పిదప ఆ యింట మిగిలినవారు వారి నెట్లు స్మరించిరో తెలిసికొనుటకు ఆ గ్రంథములు చాలవు. ఈ లోపమును పూరించుటకు విద్యార్థులచేత వారి వారి కుటుంబవృత్తాంతములను సేకరింపజేయుట యొక మార్గము. ఆ మార్గము ఎంతవరకు సాధకమగును, దానియందు ఉపాధ్యాయుడు పాటింపవలసిన జాగరూకత యెట్టిది అను విషయమును పాచిపెంట ప్రాంతము నాధారముగా గొని విచారించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

1. ప్రదేశము, దాని నామములు

పాచిపెంట తూర్పుకనుమల పాదమున, సాలూరునకు సమీపమున నున్న గ్రామము. పూర్వము ఇది విశాఖపట్టణము జిల్లాలో ఒక జమీందారీకి ముఖ్యస్థానము. జిల్లాల పునర్విభజనలలో ఇది పలుమారులు చేతులు మారి, 2022లో ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలో చేరినది. ఒకే యింటివారు ఊరు కదలకుండగనే మూడు నాలుగు జిల్లాల పేరులతో పత్రములకెక్కుట ఇచ్చట సాధారణము. వంశవృత్తాంతమును వెదకు విద్యార్థి మొదట గ్రహింపవలసిన సంగతి యిది.

సాలూరునుండి కొరాపుట్టునకు పోవు కనుమదారి ఈ ప్రాంతమునుండియే పైకెక్కును. డబ్ల్యూ. ఫ్రాన్సిస్ రచించిన 1907 నాటి జిల్లా గెజిటీరు ప్రకారము పాచిపెంట దొరలకు జయపురపు రాజులు 'దక్షిణ కవాట యువరాజు' అను బిరుదము నిచ్చిరి. ఈ బిరుదము పీఠభూమినుండి చూచినవారు పెట్టినది. మైదానమువారికి ఇది ఉత్తరమున నున్న కొండదారి. జయపురమువారికి దక్షిణపు తలుపు. ఉప్పు పైకి పోవుటయు, ధాన్యము క్రిందికి దిగుటయు బంజారాల పెరికెడ్ల బిడారులచేతనే చిరకాలము జరిగెను. కాబట్టి ఈ ప్రదేశమును బాహ్యప్రపంచమెరుగని మారుమూలగా భావించి చరిత్ర వ్రాయుట తగదు. రాకపోకలకు కావలి కాయుటయే ఇచ్చటి ప్రభుత్వమునకు మూలము.

గ్రామనామములును ఈ యభిప్రాయమునే బలపరచుచున్నవి. కనుమదారిపై కోనవలస, మైదానపుటంచున కర్రివలస, ఇంకను దూరముగా జియ్యమ్మవలస, కొత్తవలస, ఆమదాలవలస: ఇట్లు కళింగాంధ్రమున 'వలస' అంతమందుగల గ్రామములు పెక్కులు కలవు. బ్రౌను నిఘంటువు 'వలస' శబ్దమునకు శత్రుభయముచే జనులు ఊరువిడిచి పారిపోవుట యను నర్థమును చెప్పుచున్నది. ఈ సీమలో ఆ శబ్దమే అట్లు వచ్చినవారు కట్టుకొన్న పల్లెకు పేరైనది. ఇతరత్ర పోవుటను చెప్పు మాట ఇచ్చట నిలుచుటను చెప్పుచున్నది. గ్రామనామ మొక్కటియే ఫలానివారు ఫలానినాడు వచ్చిరని ఋజువు చేయజాలదు. కాని 'మీ పల్లె నెవరు కట్టిరి? అంతకుముందు వారెచ్చట నుండిరి?' అను ప్రశ్నకు ఇది తగిన ఆరంభము.

2. వలస మార్గములు

పందొమ్మిదవ శతాబ్ది మధ్యమునుండి ఈ జిల్లా ప్రజలు మూడు ముఖ్యమార్గములలో దూరదేశములకు పోయిరి.

మొదటిది ఒడంబడిక కూలీల మార్గము. 1860 నవంబరు 16వ తేదీన ట్రూరో అను ఓడ మద్రాసునుండి బయలుదేరిన కూలీలతో నేటాలు రేవును చేరెను. అప్పటినుండి 1911 వరకు నేటాలునకు పోయిన భారతీయులు 1,52,184 మంది. వీరిలో విశాఖపట్టణము, గంజాము జిల్లాల తెలుగువారు గణనీయముగా నుండిరి.

రెండవది బర్మా మార్గము. విశాఖపట్టణము, భీమునిపట్టణము, కళింగపట్టణము, కాకినాడ రేవులనుండి పొగయోడలపై మైదానపు రైతుకూలీలు రంగూనునకు పోయి, రేవునను, ధాన్యపు మిల్లులందును పనిచేసి, కొన్ని యేండ్లకు తిరిగి వచ్చుచుండిరి. వీరిని బర్మావారు 'కొరంగీ'లని పిలిచిరి. కోరంగి రేవు పేరే ఒక జనసమూహమునకు పేరైనది. 1930 మే నెలలో రంగూను రేవున తెలుగు కూలీలపై దాడులు జరిగెను. 1941 డిసెంబరులో జపాను విమానములు రంగూనుపై బాంబులు వేసిన పిదప వేలకొలది కుటుంబములు కాలినడకను అడవులు దాటి వచ్చెను. 1962 తరువాత మరియొక తరమువారు తిరిగి వచ్చిరి. విశాఖపట్టణమునందలి బర్మా క్యాంపు ఆ రాకకు నేటికిని గుర్తు.

మూడవది అస్సాము తేయాకుతోటల మార్గము. మన్యమునకు మిక్కిలి దగ్గరగా సంబంధించిన మార్గమిదియే. తోటలో పనిచేయు సర్దారును స్వగ్రామమునకు పంపి, అతని బంధువర్గమునుండియే కూలీలను రప్పించు పద్ధతి యుండుటచే, ఒక పల్లెనుండి ఒకరు పోయినచో క్రమముగా పెక్కుమంది పోవుట తటస్థించెను. 1901 నాటి అస్సాము శ్రామిక వలస చట్టము ఈ సేకరణను క్రమపరచుటకు యత్నించెను. 1932 నాటి చట్టము మూడేండ్ల పని తరువాత తోట యజమాని ఖర్చులపై స్వగ్రామమునకు తిరిగి పోవు హక్కును కూలీకి కల్పించెను. ఈ హక్కు వచ్చిన పిదపను అనేకులు రాలేదు. అస్సాములో సవరలు, ఖోండులు, 'తెలెంగా'లని వ్యవహరింపబడు తెలుగువారు నేటికిని తోటల ప్రాంతములలో నివసించుచున్నారు.

ఓడయెక్కిన ప్రవాసమును గొప్పగా తలచి, రైలెక్కిన ప్రవాసమును సామాన్యముగా విడుచుట మన పరిశోధనలలోని ఒక పక్షపాతము. అస్సామునకు పోయినవాడు రాజకీయముగా దేశము విడువలేదు. భాషయందును, బంధుత్వమునందును మాత్రము నేటాలునకు పోయినవానివలెనే దూరమయ్యెను.

3. పేరు చెప్పునది, చెప్పనిది

కుటుంబచరిత్రకు తెలుగువారికి గల ప్రధానసాధనము ఇంటిపేరు. అది తరచుగా పూర్వుల గ్రామమును స్మరింపజేయును. అయితే వలసపత్రములలో ఈ సాధనము తరచుగా నశించెను. నేటాలు ఓడల పట్టికలలో కూలీ పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము వ్రాయబడెనే కాని ఇంటిపేరునకు నియతమైన చోటులేదు. ఫలితముగా మొదట పోయినవాని సొంతపేరే అతని సంతతికి వంశనామమైనది. దక్షిణాఫ్రికాలో 'అప్పలసామి' వంటి వంశనామము లిట్లేర్పడినవే. ఇంటిపేరు పోయినను, సింహాచలమున వెలసిన అప్పన్నపేరు మాత్రము మిగిలి, ఆ కుటుంబము కళింగాంధ్రమునకు చెందినదని సూచించుచున్నది.

ఈ పట్టికలవలన మరియొక లాభము కలదు. వలసయోడలలో నూరుగురు పురుషులకు నలువదిమంది స్త్రీలుండవలెనను నియమ ముండెను. ప్రతి స్త్రీకిని ప్రత్యేకసంఖ్యయు, పేరును, తండ్రి పేరును వ్రాయబడెను. మన యిండ్లలో చెప్పు వంశక్రమమున కోడండ్ర పేరులు రెండుతరములలో మరుపునకు వచ్చును. ఓడపట్టికలో నవి నిలిచియున్నవి. కాని గుమాస్తా తాను విన్నట్లు వ్రాసిన గ్రామనామములు గుర్తింపరాకుండ మారినవి. వానిని సరిదిద్దుటకు స్థానికోచ్చారణ మెరిగిన ఈ ప్రాంత విద్యార్థియే సమర్థుడు.

మన్యపు గోత్రనామముల విషయము వేరు. విశాఖ మన్యమునను కొరాపుట్టు పీఠభూమియందును కొర్ర (సూర్యుడు), కిల్లో (పులి), పాంగి (గద్ద) మొదలగు పేరులు గదబలు, కొండదొరలు మున్నగు భిన్నజాతులలో సమానముగా వినవచ్చును. ఇవి ఊరిని గాని తెగను గాని తెలుపవు. ఎవరితో వియ్యమందరాదో తెలుపును. గదబలలో ముండా కుటుంబ భాషను మాట్లాడువారును, ద్రావిడభాషను మాట్లాడువారును ఉన్నారు. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి 1969లో ప్రకటించిన గ్రంథమున కొండదొరల కూబి భాష ప్రత్యేక ద్రావిడభాషగా వర్ణింపబడినది; కాని ఆ తెగలో పెక్కుమంది తెలుగే మాట్లాడుదురు. కాబట్టి పేరు, భాష, తెగ ఈ మూడును ఒకటేయని తలచి వంశవృక్షమును గీయుట పొరపాటగును.

4. వ్రాతవలన కలుగు ఫలితములు

ఇచ్చట కుటుంబవృత్తాంతము కేవలము జ్ఞానార్జనకు సంబంధించినది కాదు. దానికి చట్టరీత్యా ఫలితములు కలవు. షెడ్యూల్డు తెగల పట్టిక 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వునుండియు రాష్ట్రములవారీగా ఏర్పడినది. ఆంధ్రదేశమున సవర షెడ్యూల్డు తెగవాడు. అతని పితామహుని సోదరుడు అస్సాము తోటకు పోయియుండినచో, ఆ సంతతికి ఆ రాష్ట్రపు పట్టికలో స్థానము లేకపోయెను. వారిని ఇతర వెనుకబడిన తరగతులలో లెక్కించిరి. రక్తసంబంధ మొక్కటే, ప్రయాణమే భేదమునకు హేతువు.

2006 నాటి అటవీహక్కుల చట్టము ఈ విషయమును మరింత ముఖ్యము చేసినది. ఆ చట్టము ననుసరించి 2008లో వెలువడిన నియమములలో 13వది, వ్రాతలో నుంచిన పెద్దల వాఙ్మూలమును, పూర్వపత్రములలోని వ్యక్తులతో సంబంధమును చూపు వంశక్రమమును సాక్ష్యములుగా నంగీకరించినది. తరతరములుగా నోటిమాటగా నున్నదానికి ఇట్లు గౌరవము కలిగెను. కాని అదే చట్టమున, షెడ్యూల్డు తెగలకు చెందని అటవీవాసులు 2005 డిసెంబరు 13వ తేదీకి ముందు మూడుతరములు, అనగా 75 ఏండ్లు, అచ్చట నివసించినట్లు చూపవలెను. ఒక విద్యార్థి తన వ్యాసమున 'మా తాత ఫలాని యేట కొండదిగువనుండి వచ్చెను' అని నిశ్చయముగా వ్రాసినచో, ఆ వాక్యము ఇరుగుపొరుగు కుటుంబముల హక్కును సైతము తాకవచ్చును. పెద్దలు కొన్ని ప్రశ్నలకు మౌనము వహించుట అజ్ఞానముచే కాదని, అనుభవముచేతనని గ్రహింపవలెను.

5. బోధనకు కొన్ని సూచనలు

ఈ విచారణనుబట్టి ఉపాధ్యాయులకు నాలుగు సంగతులు మనవి చేయవచ్చును.

ఒకటి: కాలనిర్ణయమునకు సంవత్సరమును నేరుగా అడుగరాదు. రంగూనుపై బాంబులు పడిన కాలము (1941), అస్సామున మహాభూకంపము వచ్చిన ఆగస్టు (1950), ఈ జిల్లా మన్యమున గిరిజనోద్యమము చెలరేగిన సంవత్సరములు (1967–70): ఇట్టి సంఘటనలకు ముందా, వెనుకా యని అడిగినచో సమాధానము సులభముగా వచ్చును, పరీక్షకును నిలుచును.

రెండు: పోయినవారి కథతోపాటు ఉండిపోయినవారి కథను వ్రాయించవలెను. పొలమెవరు దున్నిరి, అప్పెవరు తీర్చిరి, వచ్చిన సొమ్ముతో ఏమి కొనిరి, ఉత్తరములు ఎప్పుడు నిలిచిపోయెను అను ప్రశ్నలకు సమాధానము గ్రామముననే దొరకును.

మూడు: పెద్దల వాక్యమును వారి మాండలికముననే వ్రాసి, విద్యార్థి వ్యాఖ్యను వేరుగా నుంచవలెను. సవరభాష విషయమున గిడుగు రామమూర్తి పంతులుగారు చేసిన కృషి ఇందుకు మేలుబంతి. ఆయన తన శిష్టభాషను సవరల నోట పెట్టక, వారి భాషను నేర్చి, వారు పలికినట్లే గ్రంథస్థము చేసిరి.

నాలుగు: వ్రాసినదానిని చెప్పినవారికి చదివి వినిపించి, ప్రకటింపవచ్చునని వారనిన భాగమునే ప్రకటింపవలెను. మూలప్రతి నొకదానిని ఆ కుటుంబమునకే ఈయవలెను. అటవీహక్కుల విచారణలో గాని, కులధ్రువీకరణలో గాని అది వారి చేతనుండుట వేరు, ఇతరుల చేతనుండుట వేరు.

మారిషసులో మహాత్మాగాంధీ సంస్థ వలసకూలీల పత్రములను భద్రపరచినందున, అచ్చటి తెలుగు కుటుంబములు తమ పూర్వుల గ్రామముల పేర్లు వెదకుకొన గలుగుచున్నవి. ఆ వెదకులాట మన గ్రామములకు వచ్చి ఆగిపోవుచున్నది. ఏలయన నిచ్చటి పార్శ్వమును ఎవరును వ్రాసియుంచలేదు. తెలుగు శాఖలు విద్యార్థులు సేకరించిన వృత్తాంతములను పరీక్షాపత్రములవలె ఏటేట పారవేయక, గ్రామములవారీగా అకారాదిక్రమమున నుంచినచో, సముద్రమునకు అవతలినుండి వచ్చు ప్రశ్నకును, తేయాకుతోటనుండి వచ్చు ప్రశ్నకును సమాధానము చెప్పగల స్థలము మనదేశమున నొకటి ఏర్పడును. పాచిపెంట వంటి కనుమముఖ గ్రామముల విద్యార్థులతో ఈ పనిని ప్రారంభించుట యుక్తము.