తెరియాకి దారి: చేప నుంచి మన పెద్దకూర దాకా

బీఫ్ తెరియాకి జపాన్ వంట అని అందరూ అంటారు. అయితే తెరియాకి పుట్టినప్పుడు దానికీ గొడ్డుమాంసానికీ సంబంధం లేదు. జపాన్‌లో క్రీ.శ. 675లోనే తెన్ము చక్రవర్తి ఆవు, గుర్రం, కుక్క, కోతి, కోడి మాంసాల మీద ఆంక్ష పెట్టాడు. తర్వాత వందల ఏళ్లపాటు అక్కడ పశుమాంసం తినడం తప్పుగానే చలామణి అయింది. ఎడో కాలంలో (1603-1868) సోయా సాస్, మిరిన్ అనే తియ్యటి బియ్యపు సారా కలిపి, చేపముక్కలకు పూస్తూ నిప్పుల మీద నిగనిగలాడేలా కాల్చేవారు. అదే తెరియాకి. 1872లో మెయిజీ చక్రవర్తి తానే గొడ్డుమాంసం తిని, ఆ సంగతి దేశానికి తెలియనిచ్చాడు. అప్పటి నుంచి ఆ మాంసానికి మర్యాద వచ్చింది.

ఇప్పుడు మనకు తెలిసిన రుచి మాత్రం కూలీల చేతుల్లో తయారైంది. 1885 నుంచి జపాన్ కూలీలు ఒప్పందాల మీద హవాయి చెరకుతోటలకు వెళ్లారు, 1906 నుంచి ఫిలిప్పీన్స్ కూలీలూ చేరారు. 1920లో ఒవాహు దీవిలో కూలి పెంచాలంటూ ఈ రెండు జాతుల వాళ్లూ ఒక్కటై సమ్మెకు దిగారు. ఆ దీవుల్లో తెరియాకిలోకి మిరిన్‌కు బదులు చక్కెర, దానితోపాటు అల్లం, వెల్లుల్లి, అనాసరసం వచ్చాయి. ఉయ్యూరు చుట్టుపక్కల చెరకు పండించిన వాళ్లకు ఈ మార్పును వివరించి చెప్పనక్కర్లేదు. 1976లో తొషిహిరో కసహర సియాటిల్‌లో చిన్న తెరియాకి హోటల్ తెరిచాడు. కొన్నేళ్లలో అది ఆ ఊరి వంటగా స్థిరపడిపోయింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు అక్కడికి వెళ్లిన మన పిల్లలకు బాగా తెలిసిన తెరియాకి ఇదే.

ఫిలిప్పీన్స్ వాళ్లది వేరే దారి. వేడి దేశం కనుక మాంసం చెడిపోకుండా వెనిగర్‌లో ఉడికించేవారు. 1613లో అచ్చయిన తగలోగ్ నిఘంటువులో స్పెయిన్ ఫాదిరీ సాన్ బ్వేనవెంతూరా ఆ వంటను అడోబో అని రాసుకున్నాడు. చైనా వర్తకుల సోయా సాస్ కూడా కలిశాక అది ఇవాళ్టి నల్లటి అడోబో అయింది. గొడ్డుమాంసాన్ని సోయాలో, కలమాన్సి అనే చిన్న నిమ్మ రసంలో నానబెట్టి, ఉల్లి చక్రాలతో వండే బిస్టెక్ కూడా ఈ కుటుంబంలోదే. దావావో నగరంలో 20వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో జపాన్ వాళ్లు వేల సంఖ్యలో స్థిరపడి అబకా నార తోటలు వేశారు. ఇప్పుడు అదే దావావోకు మన తెలుగు పిల్లలు డాక్టరీ చదవడానికి వెళుతున్నారు. పప్పు, చారు కోసం మొహంవాచిన నాలుక అడోబో పులుపును తొందరగానే ఒప్పుకుంటుంది.

ఇక మన వైపు చూద్దాం. కృష్ణా డెల్టాలో పెద్దకూర కొత్తది కాదు. దళితుల ఇళ్లలో, ముస్లింల ఇళ్లలో తరతరాలుగా ఉడుకుతున్నదే. మిగిలిన మాంసాన్ని ఎండబెట్టి దాచుకునే ఒట్టి తునకలు వానాకాలపు ఆసరా. ఈ కూర పేరు నలుగురిలో చెప్పుకోవడానికి వెనకాడేలా చేసిన సమాజం మనది. 2012లో ఉస్మానియా విద్యార్థులు బీఫ్ పండుగ చేసింది ఆ చిన్నచూపును ఎదుర్కోవడానికే. ఆ పని న్యాయమైనదని నా నమ్మకం. చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి: ఆంధ్రప్రదేశ్ 1977 చట్టం గోవధను పూర్తిగా నిషేధించింది, ఎద్దులనూ దున్నలనూ గేదెలనూ కోయాలంటే అధికారి ధ్రువపత్రం కావాలి. అందుకే విజయవాడ పటమటలో బీఫ్ తెరియాకి అంటే గేదె, దున్న మాంసంతో చేసేదే.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. సియాటిల్ పద్ధతిలో ముక్కను పెనం మీద నాలుగు నిమిషాలు తిప్పితే ముదురు దున్నమాంసం నమలలేం. అందుకని ఫిలిప్పీన్స్ పులుపు మనకు అలంకారం కాదు, అవసరం. ముందు అడోబోలా ఉడికించాలి, ఆఖర్న తెరియాకిలా పాకం పట్టించాలి.

అర కిలో మాంసాన్ని పోగుకు అడ్డంగా పలచగా కోయాలి. నాలుగు చెంచాల సోయా సాస్, రెండు చెంచాల వెనిగర్, చితక్కొట్టిన పది వెల్లుల్లి రెబ్బలు, రెండు బిర్యానీ ఆకులు, చెంచాడు మిరియాలు వేసి ముక్కలు మునిగేలా నీళ్లు పోయాలి. మూత లేకుండా ఒక పొంగు రానివ్వాలి, అప్పటిదాకా గరిటె పెట్టకూడదు. వెనిగర్ ఘాటు విరిగేది ఆ కాసేపట్లోనే. ఆ తర్వాత కుక్కర్ మూత పెట్టి, మాంసం ముదురును బట్టి ఐదారు విజిల్స్ రానివ్వాలి. ముక్కలను తీసి నూనెలో ఎర్రగా వేయించి, మిగిలిన రసంలో రెండు చెంచాల బెల్లం తురుము వేసి మరిగించాలి. బుడగలు పెద్దవై, రసం గరిటెకు అంటుకుని జారనంటే పాకం కుదిరినట్టు. ముక్కలను అందులో పొర్లించి దించాలి. కలమాన్సి కోసం వెతకొద్దు, రైతుబజారు నిమ్మకాయ అరచెక్క పిండితే సరిపోతుంది. పైన పచ్చి ఉల్లి చక్రాలు పరిచి వేడి అన్నంతో తినండి. ఉప్పు మాత్రం విడిగా వేయకండి, సోయాలో ఉన్నదే చాలు.